వెండితెర బాణీ: ఒక శాస్త్రీయ పరిశీలన

వీణలో తంజావూరు బాణీ, మైసూరు బాణీ, ఆంధ్ర బాణీ అని పెద్దలు వేళ్లు మడిచి చెబుతూ వచ్చారు. ఇంకో బాణీ ఉందని వాళ్లు ఒప్పుకోకపోవడానికి కడుపుమంట తప్ప వేరే కారణం కనబడదు. సినిమా హీరోయిన్లూ, సీరియల్ కోడళ్లూ తరతరాలుగా కాపాడుకొస్తున్న వెండితెర బాణీ అది. దాని లక్షణాలు ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా.

మామూలు వైణికులు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పెద్ద గుండ్రటి కుండ కుడిపక్కన నేలకు ఆనుతుంది, రెండో కొసనున్న చిన్న బుర్ర ఎడమ తొడ మీద ఉంటుంది, ఎడమచెయ్యి పొడుగాటి దండి కిందనుంచి చుట్టుకుని, తీగను నొక్కే ఇత్తడి కడ్డీల, అంటే మెట్ల, మీదికి వస్తుంది. వీణకు 24 మెట్లు. మొదటి తీగ సారణిని వట్టిగా మీటితే మధ్య షడ్జం (మధ్య స్థాయి ‘స’), 12వ మెట్టు దగ్గర తార షడ్జం (పై స్థాయి ‘స’). స్వరం పైకి పోతుంటే చెయ్యి కుండవైపు జరగాలి, దిగుతుంటే ఎడమ కొసన చెక్కిన యాళి తలవైపు రావాలి, కింది స్థాయి మంద్రానికి దిగాలంటే తీగే మారాలి. ఎంత శ్రమ! వెండితెర బాణీ ఈ చాకిరీ మొత్తాన్ని రద్దు చేసింది. నాలుగో మెట్టు మీద పెట్టిన వేలు పాటంతా అక్కడే ఉంటుంది. మంద్ర పంచమం నుంచి తార గాంధారం దాకా అన్ని స్వరాలూ ఆ నాలుగో మెట్టే పలుకుతుంది.

కుడిచేతి సంగతి ఇంకా లోతైనది. చూపుడువేలూ నడిమివేలూ తీగను కిందికి మీటడం, చిటికెనవేలు పక్కనున్న మూడు తాళం తీగలను పైకి మీటుతూ లయ చూపడం పాత అలవాటు. ఇక్కడ అయిదు వేళ్లూ కలిసి, ఎండబెట్టిన వడియాల మీద వాలిన కాకుల్ని తోలినట్టు, గాల్లో ఆడతాయి. తీగకు తగిలిందా లేదా అన్నది ప్రేక్షకుడి భక్తి మీద ఆధారపడి ఉంటుంది.

ఈ బాణీకి ప్రామాణిక కచేరీ ఒకటే. తెల్ల పట్టుచీర, విరబోసుకున్న జుట్టు, ఇంట్లో కిటికీలన్నీ మూసి ఉన్నా ఎక్కడినుంచో ఈదురుగాలి. దండికి బారెడు మల్లెదండ, అదీ సరిగ్గా మెట్ల మీదుగా. ఎడమచేతికి మూడు ఉంగరాలు. వీణ మీద మైనంలో నిలబెట్టిన ఇత్తడి మెట్లు షూటింగ్ లైట్ల వేడికి మెత్తబడి కదులుతాయేమోనని కంగారు పడకండి, అద్దెకు తెచ్చిన ఆ వీణకు సగం మెట్లే లేవు. తాళం తీగలు ఎప్పుడో పోయాయి. తీగలు బిగించే బిరడాలు ఏడింటిలో మిగిలినవి నాలుగు. అయినా శ్రుతి శుద్ధంగానే ఉంటుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటుంది. హీరో మేడ దిగి వస్తాడు, ఆమె వీణను చూడటం మానేసి అతన్ని చూస్తుంది, వేళ్లు మాత్రం గాల్లో ఆడుతూనే ఉంటాయి. అంతలో ఫోను మోగుతుంది. తీగ తెగుతుంది! ఒకటి కాదు, ఉన్నవన్నీ ఒకేసారి, దీపావళి ఔటు పేలినంత చప్పుడుతో. ఊళ్లో ఎవరో పోయారన్నమాట. ఆ దెబ్బకు ఒక్క మల్లెపువ్వు కూడా రాలదు.

బాణీ అన్నాక వాయించే సరుకు కూడా చెప్పాలి. అర పల్లవి. డైలాగు మొదలయ్యేదాకా. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అంటూ ఘనరాగ పంచకంలో తానం, అంటే రాగాన్ని లయతో అల్లుకుంటూ పోవడం, వైణికుల సొత్తు అంటారు. తాళం ఉండదు, లయ మాత్రం తాళం తీగల మీద గుర్రంలా నడుస్తుంది. నిర్మాతకు అంత తీరిక ఎక్కడిది?

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. వెనకటి సినిమాల్లో బొమ్మ అబద్ధమైనా చెవిన పడేది నిజం. వైణికుడు ఈమని శంకరశాస్త్రి జెమినీ స్టూడియోలో పనిచేశారు, ఇంకో వైణికుడు చిట్టిబాబు సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు దగ్గర వాయించారు. తెర మీద వేళ్లు ఎటు పోయినా వెనక నిజమైన తీగ మీద నిజమైన వేలు ఉండేది. ఇప్పుడు కీబోర్డు మీద ‘వీణ’ అని రాసిన బటన్ నొక్కుతున్నారు. తోడి రాగంలో గాంధారం (‘గ’) ఒకచోట నిలబడే స్వరం కాదు. మెట్టు మీద తీగను పక్కకు లాగి, ఊపి, వదలాలి. ఎంత లాగాలో, ఎక్కడ ఆగాలో చెవి చెప్పాలి, వేలు వినాలి. బటన్ నొక్కితే కుయ్యిమంటూ తిన్నగా ఒక గాంధారం వస్తుంది. దానికి కీబోర్డు మీది చక్రం తిప్పి ఒకే కొలతలో వణుకు పెడితే అది చలిజ్వరం, స్వరాన్ని ఊపి పలికించే గమకం కాదు!

ఈ ఎడమచెయ్యి చేసే పనిని కాగితం మీద పెట్టడానికి మనుషులు ఎంత తపించారో తెలుసా? 1609లో సోమనాథుడు రాగవిబోధం అనే గ్రంథంలో వీణ మీద వేళ్ల పోకడలకు గుర్తులు కల్పించాడు. 1904లో తమిళనాట ఎట్టయపురం నుంచి సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథాన్ని తెలుగులో అచ్చువేయించి కంపితం, స్ఫురితం, నొక్కు, వళి, జారు అనే గమకాల్లో ఒక్కోదానికి ఒక్కో గుర్తు పెట్టి మన చేతికిచ్చారు. తెలుగులో! ఆ భాషే మాట్లాడేవాళ్లు తీసే సినిమాలో వీణ గొంతు నొక్కడానికి ఒక బటన్ చాలింది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి, అతుకుల్లేని ఏకాండి వీణ చేసేవాళ్లు ఉన్నారు. వేలి కొసలు గాడిపడ్డ వైణికులు ఊరికొకరైనా ఉన్నారు. ఒక్క పూట పిలిచి, భోజనం పెట్టి, డబ్బిచ్చి వాయించుకోవడానికి ఏం రోగం?

పిలవరని తెలుసు. కనీసం హీరోయిన్‌కు ఒక అరగంట నేర్పించండి. ఎడమ చూపుడువేలూ నడిమివేలూ దగ్గరగా చేర్చి మెట్టుకు కాస్త వెనగ్గా నొక్కమనండి. పాట పైకి పోతే చెయ్యి కుడికి జరపమనండి. ఉంగరాలు తీయించండి, మల్లెదండ జడలో పెట్టండి. తీగ తెగకపోతే కథ నడవదంటారా, సారణి ఒక్కటీ తెంపుకోండి. కొత్త తీగ కట్టినా అది సాగుతూ జారుతూ శ్రుతిలో నిలవడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు హీరో ఆ ఫోనేదో ఎత్తి మాట్లాడుకోవచ్చు.