రెండో అప్పీలు మూడో విచారణ కాదు

భూమి దావాలో కింది కోర్టు తీర్పు తర్వాత జిల్లా కోర్టులో మొదటి అప్పీలు ఓడినవారు ‘హైకోర్టులో తేల్చుకుందాం’ అంటూ బయటికొస్తారు. అదే రెండో అప్పీలు. ఆ ధీమాకు చట్టంలో ఆధారం తక్కువ. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్‌ను 1976లో సవరించాక రెండో అప్పీలుకు ఒకటే దారి: గణనీయమైన న్యాయప్రశ్న, అంటే వాస్తవాల మీద కాక చట్టం మీద తలెత్తి కేసు ఫలితాన్ని తేల్చే ప్రశ్న, ఉండాలి. దాన్ని అప్పీలు పత్రంలోనే కచ్చితంగా రాయాలి. హైకోర్టు ఆ ప్రశ్నను ఖరారు చేసి దానిపైనే వాదనలు వినాలి. గట్టు ఎవరు జరిపారు, సాగులో ఎవరున్నారు, సాక్షి నిజం చెప్పాడా అన్నవి మొదటి అప్పీలుతోనే ముగిసిపోతాయి. అక్కడ పొరపాటు జరిగినా సరే. కీలక దస్తావేజును చూడకపోవడం, అసలు సాక్ష్యమే లేని నిర్ధారణకు రావడం, రుజువు భారం ఒకరిది మరొకరి మీద మోపడం వంటివైతేనే హైకోర్టు కలగజేసుకోగలదు.

వరంగల్ మట్టెవాడ స్థలాల కేసునే చూడండి. వాదులు ఒక మహిళ దగ్గర స్థలాలు కొన్నారు, ప్రతివాది ఆమె సోదరుడి దగ్గర కొన్నాడు. వాదులు కేవలం ఇంజంక్షన్ (స్థలం జోలికి రావద్దనే కోర్టు ఉత్తర్వు) కోరారు. ఆమెకు హక్కు ఎలా వచ్చిందో దావాలో చెప్పలేదు, దానిపై ఇష్యూ (విచారణలో తేల్చాల్సిన అంశం) కూడా లేదు. ఆ సోదరుడే పసుపు కుంకుమల కింద ఆమెకు నోటిమాటగా ఇచ్చాడన్నది సాక్ష్యాల్లో బయటపడింది. హైకోర్టు రెండో అప్పీలులో ఆ నోటి దానం మీదే న్యాయప్రశ్న వేసి వాదుల్ని గెలిపించింది. దావాలో లేని విషయంపై ప్రశ్న ఎలా పుడుతుందంటూ సుప్రీంకోర్టు 2008లో ఆ తీర్పును రద్దు చేసింది, దావాలు కొట్టేసింది. హక్కు తమదేనని ప్రకటించమని కోరే డిక్లరేషన్ దావా వేసుకునే వీలు మాత్రం మిగిల్చింది. అన్నేళ్లు తిరిగి, మళ్లీ మొదటికే!

ఈ తప్పు మన కోర్టుల్లో రోజూ జరిగేదే. డిక్లరేషన్‌కు ఫీజు ఎక్కువని ఇంజంక్షన్‌తో సరిపెడతారు. భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు దస్తావేజులు వదిలేసి పహాణీ (రెవెన్యూ సాగు రికార్డు), పాసుపుస్తకం పట్టుకుంటారు. హక్కును రుజువు చేయడానికి అవి మాత్రమే చాలవు. సర్వే నంబరుకూ హద్దులకూ పొంతన లేకపోయినా స్థలం చూసి నివేదిక ఇచ్చేందుకు కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్‌ను అడగరు. మరిచిపోయిన కాగితం అప్పీలులో తెస్తే, ఎంత వెతికినా అప్పట్లో దొరకలేదని కోర్టును ఒప్పించాలి.

అధికారుల చర్యపై నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే సులువనుకునేవారూ ఉన్నారు. నోటీసు ఇవ్వకుండా తహసీల్దారు భూమి రికార్డుల్లో పేరు మారిస్తే ఆ ఉత్తర్వు రద్దవుతుంది. యజమాని ఎవరన్నది మాత్రం సివిల్ కోర్టే తేల్చాలి.

హైకోర్టులకూ ఇందులో బాధ్యత ఉంది. ప్రశ్న ఖరారు చేయకుండానే స్టే ఇచ్చి అప్పీలును ఏళ్ల తరబడి ఉంచడం గెలిచినవాడికి శిక్షే. అలా ప్రశ్న లేకుండా ఇచ్చిన తీర్పులను సుప్రీంకోర్టు పదేపదే వెనక్కి పంపుతోంది. మొదటి అప్పీలు జడ్జీలు కూడా అదే కోడ్‌లోని 41వ ఆర్డరు 31వ రూలు ప్రకారం ఒక్కో అంశాన్ని విడదీసి కారణాలు రాయాలి. వాస్తవాలకు చివరి గడప అదే మరి.

రెండో అప్పీలుకు గడువు 90 రోజులు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి పట్టిన కాలాన్ని అందులోంచి మినహాయిస్తారు. ఆలోపు వకీలుతో కూర్చుని న్యాయప్రశ్నను ఒక్క వాక్యంలో రాయించుకోవాలి. ఆ వాక్యం ‘మా సాక్షిని నమ్మలేదు’ దగ్గరే ఆగితే, కేసు అక్కడితో ముగిసినట్లే.