సవరణ: 2003 యూరప్ వడగాడ్పుల గురించి

"2003లో యూరప్‌ను మాడ్చిన ఎండలకు వాతావరణ మార్పే కారణం" అని నిన్నటి వ్యాసంలో ఉన్న వాక్యాన్ని ఇలా చదవాలి: "అలాంటి వేసవి వచ్చే ముప్పును మానవ ప్రభావం కనీసం రెట్టింపు చేసింది."

పీటర్ స్టాట్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు 2004లో నేచర్ పత్రికలో చెప్పింది ఇదే, అదీ 90 శాతానికి మించిన నమ్మకంతో. వడగాడ్పులు పూర్వమూ ఉన్నాయి. అందుకే పరిశోధకులు కంప్యూటర్ నమూనాల్లో రెండు వాతావరణాలను నడిపిస్తారు: బొగ్గు, చమురు మండించగా పోగైన వాయువులతో ఒకటి, అవి లేకుండా మరొకటి. అదే స్థాయి ఎండ ఎందులో ఎంత తరచుగా వస్తుందో పోల్చి చూస్తారు.

దీన్ని పట్టుకుని సంబంధమే లేదనుకోవద్దు. ఆ వేసవి వేలాది ప్రాణాలు తీసింది. అలాంటిది వచ్చే ముప్పు రెట్టింపు కావడం చిన్న విషయమా? కుండపోత వానల గురించి రాసిన భాగంలో మార్పు లేదు: ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని నిలుపుకోగలదు.