ముసలాయన ప్రేమను ఎవరు చూస్తారప్పా?

పోయిన ఆదివారం అనంతపురంలో మా నాటక సమాజం మీటింగులో ‘షాడోల్యాండ్స్’ అనే ఇంగ్లీషు నాటకాన్ని తెలుగు చేసి ఆడదామన్నాను. అందరూ నవ్వారు. "యాభై ఏడేళ్లాయన పెళ్లి చేసుకుంటాడు, పెళ్లాం క్యాన్సరుతో పోతుంది. ఈ ఏడుపు ఎవరు చూస్తారప్పా?" అన్నారు మా సీనియర్ ఒకాయన. మా నాయన ఈడువాడు, అందుకే అక్కడ నోరు మూసుకున్నా. ఇక్కడ మూసుకోను.

ఇది నిజంగా జరిగిన కథ. పిల్లల కోసం నార్నియా కథలు రాసిన ఇంగ్లండు ప్రొఫెసర్ సి.ఎస్. లూయిస్, అమెరికా నుంచి వచ్చిన జాయ్ డేవిడ్‌మన్. 1956లో జరిగింది ఆమె ఇంగ్లండులో ఉండిపోవడానికి చేసుకున్న కాగితాల పెళ్లి. క్యాన్సర్ బయటపడ్డాక 1957లో ఆసుపత్రి మంచం దగ్గర మళ్లీ పెళ్లి, ఈసారి మనసుతో. 1960లో ఆమె పోయింది. విలియం నికల్సన్ దీన్ని ముందు బీబీసీ టీవీకి రాశాడు, 1985లో. టీవీలో వచ్చేసిన కథను టికెట్ కొని ఎవరు చూస్తారు? చూశారు సార్! 1989లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో నాటకంగా మొదలై అదే నెల లండన్ చేరింది, మరుసటేడు న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే, లూయిస్ వేషం వేసిన నైజెల్ హాథార్న్‌కు 1991లో టోనీ నాటక అవార్డు. 1993లో సినిమా కూడా వచ్చింది, అయినా నాటకం ఆగలేదు. 2007లో చార్లెస్ డాన్స్, 2019లో ఇంగ్లండులోని చిచెస్టర్‌లో హ్యూ బోన్‌విల్ అదే వేషం వేశారు.

ఎందుకాగలేదంటే, మొదట్లో ఆ ప్రొఫెసర్ దేవుడు కష్టాలెందుకు పెడతాడో స్టేజీ మీద నిలబడి దర్జాగా ఉపన్యాసమిస్తాడు, చివరికొచ్చేసరికి అవే మాటలు ఆయన గొంతులో ఇరుక్కుంటాయి, ఇంతకంటే ఏ నటుడికైనా ఏం కావాల? (జాయ్‌కి నిజంగా ఇద్దరు కొడుకులు, నాటకంలో ఒక్కడే. నాకైతే అదే నచ్చింది, తల్లి పోయాక స్టేజీ మీద ఆ పిల్లోడొక్కడే మిగలాల.)

ఏడుపు నాటకం మనకు ఎక్కదంట! ‘విషాద సారంగధర’ రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఎవరు, మన ఉమ్మడి అనంతపురం జిల్లా ఆయన కాదా? అంత పెద్ద నాటక నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో కాదా?

హక్కులకు డబ్బు కావాల, హీరోయిన్ దొరకదు అని చెప్పుంటే ఒప్పుకునేవాణ్ని, అవి నిజం ఇబ్బందులే. కానీ ‘ముసలి ప్రేమ’ అని నవ్విన ఆ సీనియరే అరవై రెండేళ్ల వయసులో విగ్గు పెట్టి, పొట్ట బిగబట్టి, సారంగధరుడి వేషం కడతారు. కుర్ర రాకుమారుడు!

లూయిస్ వేషానికి నేను అనుకున్నది ఆయన్నే. విగ్గు కూడా అక్కర్లేదు.