ఒంటిపూట బడి వదిలాక పిల్లాడు ఎక్కడికి పోవాలి?

ఎండాకాలం వచ్చిందంటే తెలంగాణలో ఒంటిపూట బడులు. పొద్దున 8 గంటలకు బెల్లు, 12.30కి అన్నం పెట్టి ఇంటికి. పిల్లలను ఎండ నుంచి కాపాడుతున్నామని సర్కారు అనుకుంటుంది. కానీ హైదరాబాద్ బస్తీల్లో చాలామంది పిల్లలు నడినెత్తిన ఎండతో నడిచి చేరేది రేకుల గదికి. స్లాబు వేసిన తరగతి గది కంటే అదే ఎక్కువ కాగుతుంది. సగం పూట చదువూ పోయె, చల్లదనమూ దక్కకపోయె.

ఇది మన ఒక్కరి గోడు కాదు. 2024లో 85 దేశాల్లో కనీసం 24.2 కోట్ల మంది విద్యార్థుల చదువుకు విపరీత వాతావరణం అడ్డుపడిందని యునిసెఫ్ లెక్కగట్టింది. అందులో పెద్ద వాటా వడగాడ్పులదే. అయినా ప్రధాన అంతర్జాతీయ వాతావరణ నిధుల్లో పిల్లల అవసరాలను పట్టించుకున్న సొమ్ము 2.4 శాతమేనని 2023లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

మన దగ్గర పర్యావరణ విద్య అంటే ఒక పాఠం, ఒక ప్రాజెక్టు వర్కు, ఫొటో కోసం ఒక మొక్క. బడుల్లో దీన్ని తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అప్పటి నుంచి పిల్లలు ఓజోన్ పొర బొమ్మ గీస్తూనే ఉన్నారు. 1908లో మూసీ ఊరిని ముంచాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టారో, తమ బస్తీ ఏ చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో లేచిందో తెలియకుండానే పది పాసవుతున్నారు.

2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. అలా మునిగిన ఇంట్లో ముందు తడిసేవి కింద పెట్టిన పుస్తకాల సంచులే. అప్పు చేసి బియ్యం, పరుపులు కొనుక్కున్నాక ఫీజు మాట వస్తుంది. తమ్ముడి చదువు ఎలాగోలా సాగుతుంది, అక్క ఇంట్లో ఆగిపోతుంది. వరద నష్టం లెక్క రాసే అధికారి దగ్గర దీనికి కాలమ్ లేదు. పాలమూరు కరువుకు వలస వచ్చిన పిల్లలదీ ఇదే గతి. టీసీ లేదన్న సాకుతో ఏ బడీ వాళ్లను వెనక్కి పంపకూడదు.

కాబట్టి డబ్బు ముందు పెట్టాల్సింది బడి డాబా మీద. ఎండను తిప్పికొట్టి ఇంటిని చల్లగా ఉంచే పైకప్పులు వేయాలంటూ రాష్ట్రం 2023లో తెచ్చిన కూల్‌రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు ఎలాగూ తప్పనిసరే. సర్కారు బడులతోనే మొదలుపెట్టొచ్చు. చల్లబడిన ఆ గదులను సాయంత్రం దాకా తెరిచి ఉంచాలి. టీచర్లను రెండో పూట కూడా కూర్చోబెట్టడం అన్యాయమే, అందుకే ఆ పని బస్తీలో డిగ్రీ చదివే యువతకు గౌరవ వేతనంపై ఇవ్వాలి. వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు, మంచినీళ్లు ఏ పద్దులో రాయాలన్నదే పేచీ అయితే విద్యాశాఖ, విపత్తు నిర్వహణ శాఖ మార్చిలోపే తేల్చుకోవాలి.