కొమ్మప్రియులైన ఆటోఫోకస్ గారికి

కెమెరాలో ఫోకస్‌ను దానంతటదే కుదిర్చే మహారాజశ్రీ ఆటోఫోకస్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని లెన్స్ లోపల్నుంచి వస్తున్న గిర్రుమనే చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. టెన్షనంతా మాకే.

ముందుగా అభినందనలు. 1977లో కోనికా సి35 ఏఎఫ్ అనే చిన్న కెమెరాలో కూర్చుని మామూలు జనం చేతికి వచ్చారు, 1985లో మినోల్టా 7000తో ఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) బాడీలోనే కాపురం పెట్టారు, ఇప్పుడు పిట్ట కన్ను ఎక్కడుందో వెతికి దాని చుట్టూ బుల్లి చతురస్రం గీసే స్థాయికి ఎదిగారు. ఇంత చదువు చదివిన తమరు, రెక్కలు విప్పుకుని ఎదురొస్తున్న కొంగను వదిలేసి, దాని వెనకున్న రెల్లుగడ్డి మీద అంత ప్రేమగా ఎందుకు వాలిపోతారో అదొక్కటి చెప్పండి. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసమన్నట్టు, ఎటు తిప్పినా తమరు తేలేది గడ్డి దగ్గరే. ఆ గడ్డి మాత్రం ఎంత షార్ప్‌గా వస్తుందండీ! ఒక్కో పోచ అంచు మీదున్న నూగు కూడా లెక్కపెట్టుకోవచ్చు. దాని ముందు తెల్లగా, మసకగా ఏదో అడ్డం వచ్చినట్టుంటుంది. అదే కొంగ.

కారణం మాకు తెలియక కాదు. కన్ను పట్టే విద్య పక్కన పెడితే, పిట్టంటే ఏమిటో తమరికి తెలీదు, వెలుగునీడల తేడా ఒక్కటే తెలుసు. ఎక్కడ గీతలు గట్టిగా ఉంటే అక్కడికి పరుగు. కొంగ ఒళ్లేమో నున్నగా తెల్లగా ఉంటుంది, రెల్లుగడ్డి నిండా నిలువు గీతలే, ఇంక తమరు ఎవరి వైపు ఉంటారో జాతకం చూడక్కర్లేదు. ఇక మబ్బు పట్టిన ఆకాశం ముందు గీతలే దొరక్కపోతే, లెన్స్‌ను ఈ కొస నుంచి ఆ కొసకీ, ఆ కొస నుంచి ఈ కొసకీ నింపాదిగా ఒక చుట్టు తిప్పి వస్తారు. ఈలోగా పిట్ట తుర్రుమంటుంది. దీన్ని హంటింగ్ అంటారట. వేట తమరిది, పస్తులు మావి.

తమరి కష్టం కూడా చిన్నది కాదు, ఒప్పుకుంటాను. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద, దూరాన్ని దగ్గరగా చూపే 600 ఎంఎం లెన్స్ పెట్టి, దాని కంత బాగా తెరిచే ఎఫ్/4లో తీస్తుంటే, 20 మీటర్ల దూరంలో షార్ప్‌గా కనిపించే లోతు సుమారు 26 సెంటీమీటర్లు. 10 మీటర్లకు వచ్చేసరికి అది 7 సెంటీమీటర్లు కూడా ఉండదు, అంటే పిట్ట పక్కకు తిరిగి వెళుతుంటే సరే, ఎదురుగా వస్తుంటే ముక్కు, కన్ను, తోక మూడూ ఒకేసారి దక్కవు. పిట్టేమో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, పెద్ద వేగమేం కాదు, మన వైపు వస్తోందనుకుందాం. సెకనుకు 10 మీటర్లు. కెమెరా సెకనుకు 20 ఫ్రేములు కొడుతున్నా, ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య అది అరమీటరు ముందుకొచ్చేస్తుంది. కాబట్టి తమరు పిట్ట ఉన్నచోటు చూస్తే సరిపోదు, ఉండబోయే చోటు చెప్పాలి. జోస్యం అన్నమాట. అది తిన్నగా వస్తున్నంతసేపు తమరి జోస్యం బాగానే ఫలిస్తుంది. ఒక్క మలుపు తిరిగిందా, అంతే సంగతులు. లకుముకిపిట్ట దగ్గరైతే జోస్యానికి సందే లేదు, అప్పటిదాకా కొమ్మ మీద రాయిలా కూర్చుని ఒక్క ఉదుటున నీళ్లలోకి దూకుతుంది. అందుకే చాలామంది దాని కోసం నీళ్లలో ఒక చోటికి ముందే ఫోకస్ పెట్టి, తమరికి సెలవిచ్చేసి, షట్టర్ మీద వేలుంచుకుని కూర్చుంటారు.

అసలు ఫిర్యాదు ఇదీ. డబ్బు పోసింది తమరి తెలివి కోసం. కొన్న తర్వాత మేం నేర్చుకున్న విద్యలన్నీ ఆ తెలివిని కట్టడి చేసేవే! కదిలే పిట్టకు కంటిన్యువస్ మోడ్‌లో, అంటే ఆగకుండా ఫోకస్ సరిచూసుకుంటూ ఉండేలా, పెట్టాలి, సరే, అది తమరిని పనిలో పెట్టడం. ఆ తర్వాత అన్నీ ఆంక్షలే. షట్టర్ బటన్ మీద తమరికున్న అధికారం పీకేసి వెనక బటన్‌కు మార్చాం, అక్కడ బొటనవేలు నొక్కినంతసేపే తమరి పెత్తనం, తీయగానే ఉన్నచోటే ఆగాలి. లెన్స్ మీద లిమిటర్ స్విచ్ వేసి దగ్గరి దూరాల వైపు తమరి రాకపోకలు నిషేధించాం. ఫ్రేమంతా తిరిగే స్వేచ్ఛ తీసేసి చిన్న జోన్‌లో కూర్చోబెట్టాం. ఆఖరికి, మధ్యలో ఏదైనా అడ్డం వస్తే ఎంతసేపు ఆగి అటు మళ్లాలో కూడా మేమే సెట్టింగ్‌లో రాసి పెట్టాలి. దాంట్లోనైనా న్యాయం ఉందా? నెమ్మదిగా మళ్లమంటే పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, తప్పు కొమ్మను పట్టుకున్నా వదలరు. త్వరగా మళ్లమంటే దారిలో ఊగిన ప్రతి ఆకునూ పలకరించి వస్తారు.

కన్ను పట్టే విద్య వచ్చాక చాలా మారిందని ఒప్పుకుంటాను. 2020లో కానన్ ఆర్5 లాంటి కెమెరాలు కుక్కలు, పిల్లులతో పాటు పిట్టల్నీ గుర్తుపట్టడం మొదలుపెట్టాక, వెనకటి రోజుల్లో కలలో కూడా రాని ఫొటోలు వస్తున్నాయి. శభాష్. కానీ పిట్ట ఫ్రేములో మరీ చిన్నగా ఉన్నా, తల అటు తిప్పుకున్నా, గుబురు కొమ్మల్లో దూరినా ఆ చతురస్రం ఎక్కడ తేలుతుందో చెప్పలేం. ఎండుకొమ్మ మీది గుండ్రటి కణుపుకి తమరు కన్ను ప్రసాదించిన సందర్భాలున్నాయి. కణుపు పాపం ఎగిరిపోదు కదా, దాని మీద ట్రాకింగ్ అద్భుతంగా నడుస్తుంది.

ఒక్క విషయంలో తమరి తరఫున మాట్లాడాలి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రతి మసకా తమరి నెత్తిన రుద్దేవాళ్లున్నారు. ఫొటోను పెద్దది చేసి చూస్తే దొంగ దొరికిపోతాడు. వెనక గడ్డో ముందు కొమ్మో షార్ప్‌గా ఉండి పిట్ట ఒక్కటే మసకైతే నేరం తమరిదే. ఒళ్లు షార్ప్‌గా ఉండి రెక్క కొసలు మాత్రమే చెదిరితే షట్టర్ స్పీడ్ చాల్లేదు, ఎగిరే పిట్టకు 1/2000 సెకను దగ్గర మొదలుపెట్టి చిన్న పిట్టలకు ఇంకా వేగం పెంచాలి. ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే చెయ్యి ఊగింది. అన్నీ వంకరటింకరగా కరిగినట్టుంటే అది ఎండకు వేడెక్కిన గాలి, అల్లంత దూరాన్నుంచి తీస్తే ఎంత గొప్ప లెన్సైనా చేసేదేమీ లేదు, దగ్గరకు వెళ్లడమో పొద్దున్నే రావడమో తప్ప. ఆ గాలికి తమరు కూడా తికమకపడి ముందుకీ వెనక్కీ ఊగుతారు. దానికి క్షమించేశాం.

గడ్డి సంగతి మాత్రం క్షమించలేదు.

ఇట్లు,
తమరి వెనక బటన్ మీద బొటనవేలు కాయలు కాచిన,
ఒక పిట్టల ఫొటోగ్రాఫర్

తా.క.: ఈమధ్య తమరికి విమానాల్నీ రైళ్లనీ కూడా గుర్తుపట్టడం నేర్పారట, సంతోషం. తర్వాతి అప్‌డేట్‌లో కొమ్మను కూడా గుర్తుపట్టడం నేర్పమనండి, పట్టుకోవడానికి కాదు, వదిలేయడానికి.