'సర్జికల్ స్టీల్' పాత పేరు మీద బతికే ఆల్బమ్ కాదు

బ్రిటిష్ డెత్ మెటల్ బ్యాండ్ కార్కాస్ చేసిన 'సర్జికల్ స్టీల్'ను, విడిపోయిన బ్యాండ్ పాత అభిమానుల కోసం మళ్లీ కలిసి చేసిన రీయూనియన్ ఆల్బమ్ అని నేను చదివిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను ఒప్పుకోలేను. వాళ్ల అంతకుముందు ఆల్బమ్, 1996 నాటి 'స్వాన్‌సాంగ్' తర్వాత 17 ఏళ్లకు, 2013లో వచ్చిందిది. గిటార్లన్నీ బిల్ స్టీర్ ఒక్కరే వాయించారు. రెండు గిటార్లు ఒకదాన్నొకటి తరుముతున్నట్టు వినిపించే చోట కూడా ఆ రెండూ ఆయనవే! గాయకుడు జెఫ్ వాకర్ గొంతులో గరుకుదనం కాస్తయినా తగ్గలేదు. కొత్త డ్రమ్మర్ డేనియల్ వైల్డింగ్ ఎంత వేగంగా వాయించినా రిఫ్‌ను, అంటే గిటార్‌పై మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల వరసను, మింగేయరు. ఆ వ్యాసంలో రాయాల్సిన అసలు సంగతి ఇంకోటుంది. 1999లో మెదడులో రక్తస్రావమై డ్రమ్స్‌కు దూరమైన బ్యాండ్ పాత డ్రమ్మర్ కెన్ ఓవెన్ ఇందులో వెనక నుంచి గొంతు కలిపారు. అది తెలిశాక ఆల్బమ్ మొత్తం మళ్లీ మొదటి నుంచి విన్నాను.