పటానికి తాళం ఎందుకు?

వానలు మొదలైతే అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి డోలీ ఫొటో వస్తుంది. కర్రకు కట్టిన దుప్పటిలో నిండు గర్భిణి, ఆమెను మోస్తూ వాగు దాటుతున్న బంధువులు. అన్ని పత్రికలూ ఆ ఫొటో వేస్తాయి, మేమూ వేస్తాం. మర్నాడు అధికారుల వివరణ వస్తుంది: గ్రామం మారుమూలన ఉంది, అంబులెన్సు వెళ్లే దారి లేదు. రోడ్డు లేకపోవడం పాత అన్యాయం, దాని మీద ఇదే చోట ఎన్నోసార్లు రాశాం. ఈ రోజు రాస్తున్నది అంతకంటే ముందున్న అన్యాయం గురించి. ఆ గూడెం ఎక్కడుందో చూపే పటం సామాన్యుడి చేతికి అందదు. రెవెన్యూ గ్రామం పేరుతో ఒక చుక్క ఉంటుంది. దాని కింద కొండకొకటిగా ఉన్న శివారు గూడేలన్నిటికీ ఆ చుక్కే దిక్కు. 108కు ఫోను చేసినవాడు తన ఊరి పేరు చెప్పి, పక్క ఊరి పేరు చెప్పి, మర్రిచెట్టు గుర్తు చెప్పి, చివరికి ఫీడర్ అంబులెన్సు (బైకు అంబులెన్సు) రాగలిగిన చోటికి తానే మోసుకొస్తాడు.

ఈ ఖాళీని నింపుతున్నవారు లేకపోలేదు. వారికి జీతం లేదు, హోదా లేదు. చదువుకుంటున్న పిల్లలు, ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు, ఊళ్లో ఫోను పట్టుకుని నడిచేవాళ్లు. ఉపగ్రహ చిత్రం మీద ఒకరు బాట గీస్తారు, ఇంకొకరు ఇళ్ల గుర్తులు పెడతారు, మూడోవారు తప్పొప్పులు సరిచూస్తారు. ఆ వాగు పేరేమిటో, ఆ గూడేన్ని జనం ఏమని పిలుస్తారో స్థానికులు చేరుస్తారు. పేరు ఏ ఉపగ్రహానికీ కనిపించదు కదా. ఇదంతా చేరేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటంలోకి. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ దీన్ని ప్రారంభించారు. అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ తన పటాలను ప్రజలకే వెల కట్టి అమ్మడం మీద పుట్టిన కోపమే దానికి మూలం. నమోదైన సభ్యుల సంఖ్య ఇప్పుడు కోటి దాటింది.

ఈ పని విలువ లోకానికి తెలిసింది హైతీలో. 2010 జనవరి 12న భూకంపం రాజధాని పోర్టోప్రిన్స్‌ను నేలమట్టం చేసేనాటికి ఆ నగరానికి ఉచిత పటంలో నాలుగైదు పెద్ద రోడ్లు తప్ప పెద్దగా ఏమీ లేదు. ఉపగ్రహ సంస్థలు కొత్త చిత్రాలు విడుదల చేశాయి. వేల మైళ్ల దూరంలో ఉన్న వందల మంది వాటిపై రోడ్లు గీశారు, కూలిన భవనాలు గుర్తించారు, నిరాశ్రయులు గుడారాలు వేసుకున్న చోట్లు చూపించారు. రోజుల్లోనే సహాయక బృందాల జీపీఎస్ పరికరాల్లోకి ఆ పటం ఎక్కింది. 2014లో గినియాలో ఎబోలా ప్రబలినప్పుడు రోగి ఏ ఊరివాడో చెప్పినా ఆ ఊరు ఎక్కడుందో తెలియని వైద్యులకు పటం గీసి ఇచ్చింది వీళ్లే. 2015 ఏప్రిల్ 25న నేపాల్ కంపించినప్పుడు కాఠ్‌మాండూ లివింగ్ ల్యాబ్స్ యువకులు అప్పటికే రెండేళ్లుగా తమ నగరాన్ని గీస్తున్నారు. అందువల్లే సాయం వేగంగా సాగింది. నైరోబీలో కిబేరా అనే మురికివాడ 2009 వరకు పటంలో ఖాళీ జాగా. అక్కడి పిల్లలే జీపీఎస్ పట్టుకుని తిరిగి తమ సందులు, కుళాయిలు, మరుగుదొడ్లు, ఆస్పత్రులు గుర్తించారు.

మరి మన దగ్గర? పాడేరు దగ్గర ఒక కుర్రాడు తన గూడేన్ని పటంలో పెట్టాలనుకుంటే ఏ చిత్రం మీద గీయాలి? హైదరాబాద్ బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసుకునే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. దేశానికి సొంత ఉపగ్రహాలున్నాయి. అయినా ఆ కుర్రాడు తెరిచేది ప్రధానంగా విదేశీ కంపెనీల చిత్రాలనే. మైక్రోసాఫ్ట్ తన బింగ్ చిత్రాల మీద గీసుకోవచ్చని 2010 చివర్లో అనుమతి ఇచ్చింది. అంటే అమెరికా కంపెనీ దయతో మన్యం గూడెం పటంలోకి ఎక్కుతోంది. స్వావలంబన గురించి ఉపన్యాసాలిచ్చే ప్రభుత్వాలకు ఇది సిగ్గుగా అనిపించడం లేదు.

చిత్రాలు లేక కాదు. పల్లెల్లో ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచేందుకు 2020 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద దేశంలో 3 లక్షలకు పైగా గ్రామాల మీద డ్రోన్లు ఎగిరాయి. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. వేలాది గ్రామాల్లో డ్రోన్లు తిరిగాయి. ఇంటి పైకప్పు, చేను గట్టు, బండి బాట విడివిడిగా కనిపించేంత స్పష్టమైన చిత్రాలు ప్రభుత్వ సర్వర్లలో ఉన్నాయి. ఎవరి సొమ్ముతో? ప్రజల సొమ్ముతో. ఎవరికి అందుబాటులో ఉన్నాయి? ప్రజలకు మాత్రం కాదు. ఎవరైనా దింపుకుని, వాటిపై పటం గీసి, దాన్ని పదిమందికీ పంచుకునేలా బహిరంగ అనుమతితో వాటిని పెట్టలేదు. పాసు పుస్తకం మీద ఎవరి బొమ్మ ఉండాలని రోడ్డెక్కి పోట్లాడుకున్న పార్టీల్లో ఒక్కటైనా, డ్రోన్ తీసిన బొమ్మలు ఎవరివి అని అడగలేదు.

కేంద్రం తీరు కూడా ఇంతే. 2023 నాటి అంతరిక్ష విధానం ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా ఇస్తామంది. ఏ చిత్రాలు? అయిదు మీటర్లు, అంతకంటే ముతక స్పష్టత ఉన్నవి. అయిదు మీటర్ల చిత్రంలో ఒక్క చుక్క పాతిక చదరపు మీటర్ల నేల. గిరిజనుడి పాక మొత్తం అందులో ఒక చుక్కకు సరిపోతుంది. కాలిబాట కనిపించే ప్రసక్తే లేదు. పాక కనిపించే చిత్రాలకు ఆ ఉదారత వర్తించదు.

పటం గీసేవాణ్ని అనుమానించడం ఈ దేశంలో పాలకులకు పాత అలవాటు. 1767లో ఈస్టిండియా కంపెనీ సైన్యం అవసరాల కోసం పుట్టిన సర్వే శాఖ (సర్వే ఆఫ్ ఇండియా) స్వాతంత్ర్యం తర్వాత కూడా పటాన్ని ఆయుధాగారంలోని సామగ్రిలాగే చూసింది. 2013లో గూగుల్ నిర్వహించిన పటాల పోటీపై ఆ శాఖ పోలీసులకు ఫిర్యాదు చేసింది. వ్యవహారం సీబీఐ ప్రాథమిక విచారణ దాకా వెళ్లింది. 2016 మే నెలలో హోంశాఖ భౌగోళిక సమాచార నియంత్రణ బిల్లు ముసాయిదా తెచ్చింది. అనుమతి లేకుండా పటానికి సంబంధించిన సమాచారం సేకరిస్తే కోటి నుంచి 100 కోట్ల రూపాయల జరిమానా, ఏడేళ్ల వరకు జైలు అంది. దేశమంతా నవ్వి, తిట్టి, అభ్యంతరాలు పంపాక అది అటకెక్కింది. మరుసటి ఏడాది సర్వే శాఖ తన 250వ ఏట ఉదారంగా కొన్ని పటాలు ఉచితంగా ఇస్తానని వెబ్‌సైటు తెరిచింది. తీసుకోవాలంటే ఆధార్ నంబరు ఇవ్వాలంది! సెంటీమీటరుకు అర కిలోమీటరు చూపే కాగితానికి అంత కాపలా.

2021 ఫిబ్రవరిలో గాలి మారింది. పటాలు గీయడానికి అనుమతులు అక్కర్లేదు, స్వీయ ధ్రువీకరణ చాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే, స్వాగతించాం. కానీ అదే మార్గదర్శకాల్లో ఒక వాక్యం ఉంది. ప్రజా ధనంతో తయారైన భౌగోళిక సమాచారం ప్రభుత్వ సంస్థలకు ఉచితంగా, ఇతరులకు న్యాయమైన, పారదర్శకమైన ధరకు ఇస్తారట. ఆ 'ఇతరులు' మనమే. మన డబ్బుతో తీసినదాన్ని మనకే అమ్ముతారు, న్యాయమైన ధరకు. ఒకసారి పన్ను కట్టినవాడు రెండోసారి రొక్కం కట్టాలి. అప్పుడైనా దానిపై పటం గీసి ఊరందరికీ ఉచితంగా పంచుకోవచ్చా అంటే స్పష్టమైన జవాబు లేదు. ప్రజా సమాచారం ప్రజలకు అందాలని 2012లోనే జాతీయ విధానం ప్రకటించిన ప్రభుత్వమే ఇది.

భద్రత మాటేమిటని అడిగేవారున్నారు. సరిహద్దులు, సైనిక స్థావరాలు, మావోయిస్టు ప్రాంతాలు ఉన్న దేశంలో జాగ్రత్త అవసరమేనన్నది కాదనలేం. అయితే రక్షణ స్థావరాల చిత్రాలను పక్కన పెట్టడం ఒక సంగతి, వాటి పేరు చెప్పి పశువుల దారిని కూడా దాచడం మరో సంగతి. శత్రువుకు సొంత ఉపగ్రహాలున్నాయి, డబ్బు పెడితే కొనుక్కోవడానికి ప్రపంచ విపణిలో అర మీటరు కన్నా స్పష్టమైన చిత్రాలున్నాయి. మన తాళం వల్ల వాడికి లోటు లేదు. లోటు ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు, వరదలో పడవ వేసుకుని వెళ్లేవాడికి.

1961 నాటి చట్టం ప్రకారం సర్వే శాఖ పటానికి భిన్నంగా దేశ సరిహద్దులు చూపితే ఆరు నెలల వరకు జైలు. అంతర్జాతీయ ఉచిత పటం నేల మీద ఎవరి అదుపు ఎక్కడి వరకు ఉందో అదే గీస్తుంది కనుక ఈ చిక్కు నిజమైనదే. దాన్ని సరిహద్దు గీత దగ్గరే తేల్చుకోవాలి. పాడేరులో కాలిబాట గీసినవాడు కశ్మీరు సరిహద్దు గీయలేదు. అతన్ని కూడా అదే నీడలో నిలబెట్టడం, ఏదో ఒక రోజు ఎవరో ఒక అధికారి కేసు పెడతాడేమోనని భయపెట్టడం ఎందుకు?

తెరిస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2022 ఫిబ్రవరిలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ గ్రామ సడక్ యోజన సమాచారాన్ని బహిరంగంగా పెట్టింది. 10 లక్షలకు పైగా ఆవాసాలు, లక్షల కిలోమీటర్ల గ్రామీణ రోడ్లు, బడులు, ఆస్పత్రుల చోట్లు. ఆకాశం విరిగిపడలేదు, శత్రువు దండెత్తలేదు. తెలంగాణ 2016లోనే బహిరంగ సమాచార విధానం తెచ్చి పోర్టల్ నడుపుతోంది. ఇక మనకు సర్వే శాఖను, దాని అనుమానాన్ని కలిపి అంటగట్టి పోయిన బ్రిటన్ 2010 ఏప్రిల్‌లో తన పటాల్లో పెద్ద భాగాన్ని ఉచితంగా వదిలేసింది. అనుమానాన్ని మాత్రం మనం భద్రంగా దాచుకున్నాం.

వరదల్లో ఈ దాపరికం మరింత చేటు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఏ వీధి పల్లంలో ఉంది, ఏ లంకకు ఏ రేవు దగ్గర, ఎన్ని అడుగులకు ఏ ఊరి దారి మునుగుతుంది అన్నవి నీళ్లు వచ్చాక వాట్సాప్‌లో వెతుక్కునే ప్రశ్నలు కావు. ఎండాకాలంలో తీరిగ్గా, ఊరివాళ్లతో కూర్చుని గీసుకోవాల్సిన పటం అది. గీసేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు నీట మునిగిన వీధులను జనమే ఉచిత పటం మీద గుర్తించారు. వాళ్లకు కావలసింది సన్మానం, శాలువా కాదు. కింద పరుచుకుని గీసుకోవడానికి ఒక స్పష్టమైన చిత్రం.

ఈ ఉచిత శ్రమను వాడుకుంటున్న కంపెనీలకూ ఒక మాట. ఆ పటానికి వెల లేదు, కానీ షరతు ఉంది: ఎవరు గీశారో చెప్పాలి. యాప్‌లో ఆ ఒక్క వరుస వేయడానికి చోటు లేదనే సంస్థలకు ప్రకటనలు వేయడానికి మాత్రం చోటు పుష్కలంగా దొరుకుతోంది.

అసలు బాధ్యత ప్రభుత్వాలది. స్వచ్ఛంద సేవకులు గీశారు కదా అని సర్కారు తన పని మానుకోవచ్చని మేము అనడం లేదు. ప్రతి గూడేన్నీ పేరుతో సహా గుర్తించడం సర్వే శాఖ పని, గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏల పని. అది చేయకపోగా చేసేవాడి ముందు తలుపు మూయడమే మేము తప్పుపడుతున్నది. అడుగుతున్నవి ఎవరి పట్టా వివరాలూ కావు, ఎవరి సర్వే నంబరూ కాదు. భూమి ఎవరిదన్న సమాచారం అధికారుల దగ్గరే ఉంచుకోవచ్చు. పైనుంచి తీసిన చిత్రం, ఆవాసాల పేర్లు, దారులు, వాగులు, ఇంతే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రీసర్వే డ్రోన్ చిత్రాలను, కేంద్రం స్వామిత్వ చిత్రాలను రక్షణ ప్రాంతాలు మినహాయించి బహిరంగ లైసెన్సుతో విడుదల చేయాలి. 2021 మార్గదర్శకాల్లోని ఆ ధర మాట కొట్టేయాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, డ్రోన్ మళ్లీ ఎగరనక్కర్లేదు, కమిటీ అంతకంటే అక్కర్లేదు. ఒక పేజీ జీవో చాలు. అర్ధరాత్రి జీవోలు ఇవ్వడంలో చేయి తిరిగిన సచివాలయానికి ఇది కష్టమైన పనేమీ కాదు. ఇవ్వకపోతే వచ్చే వానాకాలం డోలీ ఫొటో కింద 'మారుమూల గ్రామం' అని వివరణ పంపే అధికారి, ఆ గ్రామం చిత్రం తన శాఖ సర్వర్‌లో ఎన్నేళ్లుగా పడి ఉందో కూడా అదే కాగితంలో రాసి పంపాలి. మేము అచ్చు వేస్తాం.